నాలుగు నిమిషాల పది సెకన్లు

ఫిబ్రవరి 3, శుక్రవారం

మధ్యాహ్నం 3.20కి ఉత్తర్వు వచ్చింది. ఇరవై రెండు లంకల రేడియో స్టేషన్‌ను ఈ నెల 20, సోమవారం ఉదయం ఆరు గంటలకు మూసేస్తారు. కారణం ఒకటే రాశారు. శ్రోతల సంఖ్య 9. ఉండాల్సింది 5,000.

తొమ్మిది ఎలా తేలిందో రాసి పెడుతున్నాను. చెవిపూస పెట్టుకున్న మనిషి ఏం వింటున్నాడో ఆ పూస లెక్కల కార్యాలయానికి ఎప్పటికప్పుడు చెబుతుంది. అలా కబురు పంపిన పరికరం ఒక శ్రోత. రేడియో పెట్టె మాట్లాడుతుంది గాని ఎవరికీ కబురు పంపదు. దాని ముందు కూర్చున్నవాళ్లు లెక్కలోకి రారు. పూసలో మా స్టేషన్ పెట్టుకున్నవాళ్లు తొమ్మిది మంది. అందులో ఒకటి నాది, ఒకటి నూకరత్నానిది. ప్రసారం సరిగా వెళుతోందో లేదో చూసుకోవడానికి పెట్టుకున్నవి.

స్టేషన్‌లో మేమిద్దరమే. నా పేరు పేరూరి విమల. ముప్ఫై ఒక్క ఏళ్లుగా వార్తలు సేకరించి చదువుతున్నాను. గెద్దాడ నూకరత్నం ట్రాన్స్‌మిటర్ చూసుకుంటుంది. ఉత్తర్వు పట్టుకుని మేడ మీదికి వెళ్లేసరికి ఆమె సోలార్ పలకల మీద ఉప్పు తుడుస్తోంది. చదివి వినిపించాను. తుడవడం ఆపలేదు.

"తొమ్మిదిలో మనిద్దరం పోతే ఏడుగురా అక్కా?"

"ఏడుగురు."

"ఆ ఏడుగురూ ఎవరో గాని, ఆళ్లకో దండం ఎట్టాలి."

అప్పీలుకు అవకాశం ఉంది. విచారణ 15, బుధవారం 11 గంటలకు, జిల్లా కేంద్రంలో.

ఫిబ్రవరి 4, శనివారం

రేకు పెట్టె మధ్యాహ్నం, ఏరు దాటించే పంటు మీద వచ్చింది. ఇరవై రెండు లంకల రేవుల్లోనూ ఆగి వస్తుంది. జనం అందులో చీటీలు వేస్తారు. ఈ వారం 41 చీటీలు. సాయంత్రం ఐదున్నరకు 'రేపటి కబుర్లు'లో అవన్నీ చదివాను.

పడవల సంత ఎనిమిదింటికి. వాలీబాల్ ఫైనల్ నాలుగింటికి. ఓడిన జట్టు గెలిచినవాళ్లకు పీతల ఇగురు పెట్టాలి. తుఫాను షెల్టర్ మేడ మీద పద్యాల పోటీ. రాగం ఎంతసేపైనా తీయవచ్చు, పక్కవాడి పద్యంలోకి దిగకూడదు. మూడో లంకలో ఒక పెద్దాయన హార్మోనియం బాగు చేయించుకున్నారు, పాడేవాళ్లు ఎవరైనా పిలిస్తే వస్తారు. ఎవరిదో ఎడమ కాలి చెప్పు దొరికింది. ఒక బాతు పోయింది.

పూస ఒక్కొక్కరికి ఒక్కో ఊరు వినిపిస్తుంది. బాతు పోయిన సంగతి బాతులంటే ఇష్టమున్నవాడికే చెబుతుంది. ఆ బాతు మాత్రం ఎవరికి బాతులిష్టమో చూసి పెరట్లో దూరదు. అందుకే చీటీ పెట్టెలో పడుతుంది.

మూసివేత వార్త చివర్లో చదివాను. మూడు వాక్యాలు. ఉత్తర్వు తేదీ, కారణం, విచారణ తేదీ.

ఫిబ్రవరి 5, ఆదివారం

అప్పీలుకు సాక్ష్యాలు కావాలి. వారాంతంలో నేను చెవిపూస తీసి పక్కన పెట్టేస్తాను. ఇవాళ పెట్టుకుని బయల్దేరాను. దానితో రికార్డు చేస్తేనే వాంగ్మూలం చెల్లుతుంది. ప్రతి మాట పక్కనా అది ప్రభుత్వ సమయం ముద్ర వేస్తుంది.

ఏడింటి పంటులో చోటు దొరకలేదు, నిలబడ్డాను. పంటు నడిపే సరంగు మల్లాడి యేసుదాసు కూత వేశాడు. గట్టుకు వేసిన పలక తీయబోతుంటే ఇడ్లీలమ్మే బుజ్జమ్మ కనిపించింది. నెత్తిన ఇడ్లీ గిన్నె, చంకలో పచ్చడి డబ్బా. దూకినట్టే ఎక్కింది.

"ఏమ్మే, నీకు పెత్యేకంగా ఓ పంటు ఎయ్యాలా?" అన్నాడు యేసుదాసు.

"ఎక్కానా లేదా? ఏనాడన్నా మిస్సయ్యానా? నువ్వు నీ తెడ్డు సూసుకో."

"తెడ్డేటే, ఇంజనుంది దీనికి."

"ఆ సప్పుడుకే కదా నా ఇడ్లీలు అదిరిపోతన్నాయి."

నేను పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాను. రేడియో వింటావా అని అడిగాను. రికార్డులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"అదేం ప్రశ్నండీ ఇమలమ్మగారూ! మూసేత్తారంట కదా. మరి టైమెవరు చెప్తారండీ?"

"చెవిపూస చెబుతుంది కదా."

"దానికి తొందరెక్కువండి. ఎప్పుడు సూడండి, ఏడు కాకుండానే ఏడంటది. దాన్ని నమ్ముకుంటే నా పిండి పిండిలాగే ఉంటది. ఆరింటికి మీ పీప్ పీప్ ఇని ఆఖరి వాయి ఎక్కిత్తాను."

యేసుదాసు అందుకున్నాడు. "పూస టైము ఆఫీసులకండి. సోమారం నుంచి శుక్రారం దాకా అది చెప్పినట్టే ఇంటాం. శనాదివారాలు మాయి."

సాయంత్రానికి 63 వాంగ్మూలాలు. ఫైనల్ ఎనిమిదో లంక గెలిచింది. పీతల ఇగురు నాకూ పెట్టారు. ఉప్పు ఎక్కువైంది.

ఫిబ్రవరి 6, సోమవారం

లెక్కల అధికారి మెహజబీన్ గారికి ఫోన్ చేశాను. నాలుగు నిమిషాలు మాట్లాడారు. గొంతు పెంచలేదు.

"వింటున్నామని అరవై మూడు మంది చెప్పారు. అంతేనా?"

"అంతే."

"చెప్పడానికీ వినడానికీ తేడా ఉంది విమలగారూ. మీరు విలేకరి. మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు.

అయినా వాంగ్మూలాలు కాగితం మీద ఎక్కించడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఆగిపోయాను. యేసుదాసు "ఇదిగో, ఏడైంది" అని కూత వేసిన చోట ముద్ర 7.04.10 అని ఉంది. సంత గంట ఎనిమిదింటికి కొట్టారు, ముద్ర 8.04.09. వాలీబాల్ రిఫరీ నాలుగింటికి ఈల వేశాడు, ముద్ర 4.04.12.

మూడు చోట్ల, ముగ్గురు మనుషులు, ఒకే ఆలస్యం.

సాయంత్రం ఆరింటికి టైము సిగ్నల్ వెళ్లినప్పుడు పూస చెవిలో పెట్టుకుని విన్నాను. మా ఆరు గంటలు కొట్టేసరికి పూసలో 6.04.10.

పూసకు తొందరేం లేదు.

ఫిబ్రవరి 8, బుధవారం

స్టేషన్ లాగ్ పుస్తకాలు అటక మీద ఉన్నాయి. పదకొండేళ్ల కిందటి పుస్తకం వరదలో తడిసి ఉబ్బింది. సెప్టెంబరు 22 పేజీలో నూకరత్నం చేతిరాత: 'టవర్ కూలింది. ఉపగ్రహ గడియారం పనిచేయడం లేదు. స్టేషన్ గడియారం చేత్తో సరిచేశాను. ఆధారం: పంటు.'

కింద మరో సిరాతో మూడు తేదీలు. కొత్త ఉపగ్రహ గడియారం కావాలని మూడుసార్లు రాసింది. జవాబు వచ్చినట్టు ఎక్కడా లేదు.

పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాను. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివింది.

"ఆ రోజు లంకల్లో ఆడతన్న గడియారం పంటు మీదదొక్కటేనక్కా. నాటు పడవేసుకుని రేవుకెళ్లి, ఆగిపోయిన నా చేతి వాచీకి కీ ఇచ్చి దానికి కలుపుకొచ్చాను."

"అది నాలుగు నిమిషాలు వెనక ఉంది."

"మరి పది సెకన్లో?"

"అదే అడుగుతున్నాను."

"అయి నాయి. చేతులు తడిగా ఉన్నాయి. బటన్ ముట్టుకుంటే షాక్ కొడతాదేమోనని తుడుచుకున్నాను."

నిబంధన 14 ఆమెకూ తెలుసు. తప్పు సమయం ప్రసారం చేసిన సాంకేతిక ఉద్యోగి లైసెన్సు శాశ్వతంగా రద్దవుతుంది. ఇక ఏ ట్రాన్స్‌మిటర్ గదిలోనూ అడుగు పెట్టనివ్వరు. ఆమెకు యాభై ఆరేళ్లు. పద్దెనిమిదో ఏట ఈ గదిలోకి వచ్చింది.

"ఇప్పుడే సరిచేసేత్తాను," అంటూ లేచింది. "ఒక్క నిమిషం పని."

"సరిచేస్తే తప్పు కనబడదు. మన తప్పే లంకలన్నిటా ఉంది, వింటున్నారన్న ఆ రుజువూ కనబడదు."

మళ్లీ కూర్చుంది.

నా తప్పు కూడా రాయాలి. రోజుకు నాలుగుసార్లు సమయం చెబుతాను. పదకొండేళ్లలో పదహారు వేల సార్లు తప్పు చెప్పాను. ఒక్కసారి కూడా సరిచూడలేదు. ఒకప్పుడు కొత్తగా చేరిన విలేకరులకు సరిచూసుకోమని నేర్పింది నేనే.

ఫిబ్రవరి 12, ఆదివారం

నిన్న, ఇవాళ స్టాప్‌వాచీతో తిరిగాను. పద్నాలుగు చోట్ల కొలిచాను. పంటు, సంత గంట, పద్యాల పోటీ మొదటి గంట, చర్చి గంట, శనివారం క్యారమ్స్ పందెం, హార్మోనియం పెద్దాయన పాఠం, ఇలా. పదమూడు చోట్ల ఆలస్యం 4.05కూ 4.15కూ మధ్య. పద్నాలుగోది ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడ తేడా లేదు.

వారంలో ఐదు రోజులు లంకలు పూస సమయంతో నడుస్తాయి. రెండు రోజులు మా సమయంతో. సోమవారం పొద్దున నాలుగు నిమిషాలు ఎక్కడికి పోయాయని ఎవరూ వెతుక్కోలేదు. సోమవారం ఎవరికైనా తొందరగానే వస్తుంది.

తిరుగు పంటులో యేసుదాసును పాత గడియారం గురించి అడిగాను. ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు.

"అదాండీ! మా నాన్న దాన్ని నాలుగు నిమిషాలు ఎనక్కి ఎట్టేవోడు. ఎవరికీ చెప్పేవోడు కాదు. గట్టు మీద పరిగెత్తుకొచ్చేవోళ్లు ఉంటారు కదండీ. ఆగితే టైముకొచ్చినోళ్లు తిడతారు, ఆగకపోతే పరిగెత్తినోళ్లు తిడతారు. గడియారమే ఎనకుంటే ఎవరూ తిట్టరు."

"ఇప్పుడూ అలాగే పెడుతున్నావా?"

"ఎంత మాటండీ! ఆయన పోయాక నేను రేడియోకి కలిపేసుకున్నాను. ఆదివారం ఆరింటికి మీ పీప్ పీప్‌కి సరిజేసుకుంటాను. ఇప్పుడంతా కరెక్టు టైమే."

తండ్రి దాచిన నాలుగు నిమిషాలు రేడియోలోకి వెళ్లి, రేడియో నుంచి కొడుకు గడియారంలోకే తిరిగి వచ్చాయి. ఈ వాక్యం రెండుసార్లు రాసి కొట్టేశాను. విషయం అదే కాబట్టి మళ్లీ రాస్తున్నాను.

ఫిబ్రవరి 15, బుధవారం

విచారణ 11.00కి మొదలైంది, 11.40కి ముగిసింది.

ఉదయం రేవుకు వెళ్లేసరికి నూకరత్నం అక్కడ నిలబడి ఉంది. ఇస్త్రీ చీర, చేతిలో లాగ్ పుస్తకం. ఆమెకు పిలుపు లేదు. ఎందుకని అడిగితే, "పంటు ఎక్కి చాన్నాళ్లైందక్కా," అంది.

నా పట్టికలో మూడు గడులు ఉన్నాయి: చోటు, ప్రకటించిన సమయం, అసలు సమయం. 'కారణం' అనే గడి నిన్ననే తీసేశాను. అబద్ధం రాయలేదు, ఒక నిజం రాయలేదంతే అని దారిలో అనుకున్నాను. ఇలా అనుకున్న అధికారుల మీద నేను వార్తలు రాశాను.

విచారణ జరిపింది మెహజబీన్ గారే, నలభై ఏళ్ల మనిషి. పట్టికను పెన్సిల్‌తో పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చారు. మధ్యలో తలెత్తారు.

"పదమూడు చోట్లా ఒకే ఆలస్యం. కాకతాళీయం కాదు. కారణం ఏమిటి?"

"పరిశీలనలో ఉంది," అన్నాను.

వెనక కుర్చీ కదిలింది.

"పరిశీలనలో ఏం లేదండి. నా గడియారం తప్పు. పదకొండేళ్ల నించి తప్పే. నేనే ఎట్టాను." లాగ్ పుస్తకం తీసుకెళ్లి బల్ల మీద, ఆ పేజీ తెరిచి పెట్టింది. "ఇదిగోండి, నా సంతకం."

మెహజబీన్ గారు ఆ పేజీని మొత్తం చదివారు. కింద ఉన్న మూడు తేదీలు కూడా చదివారు.

"నిబంధన 14 మీకు తెలుసా?"

"తెలుసండి. మాకు ఆ కాయితం గోడకే అంటించి ఉంటదండి."

"తెలిసీ చెబుతున్నారు."

"మీరడిగారు కదండీ. ఈవిడ చెప్పలేకపోతంది. నా గురించే. ఆవిడకి అబద్ధం చెప్పడం రాదండి, సూశారు కదా."

నేను పట్టిక మీదికి వంగి నాలుగో గడి గీసి, 'స్టేషన్ గడియారం' అని రాసి వెనక్కిచ్చాను.

మెహజబీన్ గారు ఆ గడి చదివి మాట్లాడారు. "లంకలన్నీ నాలుగు నిమిషాలు వెనక ఉన్నాయని రుజువు చేశారు. ఒకప్పుడు మీ స్టేషన్ విన్నారని రుజువైంది. ఈ రోజు వింటున్నారని కాలేదు. పదకొండేళ్లలో ఆలస్యం అలవాటై ఉండవచ్చు. అలవాటుకు నేను లైసెన్సు ఇవ్వలేను."

"మరి ఏం చేయమంటారు?"

"గడియారం సరిచేయండి. ఆదివారం ఉదయం ఆరు గంటల సిగ్నల్‌తో. ఎవరికీ చెప్పకండి. మీరు కొలిచినవాటిలో మూడు చోట్లకు ఆ రోజు నేనే వస్తాను. పంటు, సంత, ఆదివారం ఆడే వాలీబాల్. మూడూ సరైన సమయానికి జరిగితే మీ మాట విని కదిలినట్టు. ఐదు వేల నిబంధన పక్కన పెట్టమని నేనే సిఫారసు రాస్తాను. ఒక్కటి తప్పినా సోమవారం ఉత్తర్వు అమలవుతుంది. ముందుగా ఒక్కరికి తెలిసినా అంతే."

"నూకరత్నం సంగతి?"

"అది నా చేతిలో లేదు." పుస్తకం మూసి, రెండు చేతులతో ఆమెకు తిరిగి ఇచ్చారు. "రద్దు ఆదివారం సిగ్నల్ తర్వాత అమలయ్యేలా రాస్తాను. అంతవరకే చేయగలను."

తిరుగు పంటులో నూకరత్నం రెయిలింగు పట్టుకుని నిలబడింది. రేవు దగ్గర పడుతుండగా అంది, "మూడుసార్లు రాసింది కూడా చదివిందక్కా. నువ్వు గమనించావా?"

గమనించాను.

ఫిబ్రవరి 18, శనివారం

చీటీలు 58. గత వారం కంటే ఎక్కువ. పదిహేడు చీటీల్లో కబురేమీ లేదు, 'వింటున్నాం' అని మాత్రం ఉంది. కింద పేరు, లంక నంబరు. చెప్పడానికీ వినడానికీ తేడా ఉంది. అయినా పేర్లన్నీ చదివాను.

బాతు దొరికింది. ఎడమ కాలి చెప్పు కోసం ఎవరూ రాలేదు. పద్యాల పోటీలో పక్కవాడి పద్యంలోకి దిగినాయనను ఒక వారం చప్పట్లు మాత్రమే కొట్టాలని శిక్షించారు. వాలీబాల్‌లో ఓడిన జట్టు మళ్లీ ఆడదామంటోంది, రేపు నాలుగింటికి.

బుజ్జమ్మ తన చీటీ పెట్టెలో వేయలేదు. సాయంత్రం స్వయంగా తెచ్చింది. రేపు అల్లం పచ్చడి కూడా ఉంటుందని చదవాలట.

"రేపు పంటు అందుకుంటావా?" అన్నాను. ఈ మాత్రం అడగడం షరతును దాటినట్టో కాదో నాకు తెలియదు. రాసి పెడుతున్నాను.

"అదేటండీ, కొత్తగా అడుగుతున్నారు! ఆరింటికి వాయి ఎక్కిత్తాను, మీ వాతావరణం అయ్యేసరికి దింపుతాను, పాట రెండో చరణంలో గడప దాటతాను. మీరు మాటాడతా ఉంటే నా కాళ్లే నడుత్తాయండి."

"పాట ఎప్పుడు మొదలవుతుందో నీకు ఎలా తెలుస్తుంది?"

"ఇంటాను కదండీ," అంది, నాకేమైందో అన్నట్టు చూసి.

ఆమె నిజంగా రేడియో వింటే రేపు నాలుగు నిమిషాల పది సెకన్లు ముందు గడప దాటుతుంది. అలవాటునే వింటే, గట్టు మీదికి వచ్చేసరికి పంటు ఏటి మధ్యలో ఉంటుంది. యేసుదాసు తండ్రి దాచిపెట్టిన నిమిషాలు ఇక ఉండవు. ఈ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురం. నేను ఆమెకు చెప్పలేదు. పచ్చడి సంగతి చదివాను.

రాత్రి ఏడు గంటలకు ముందే నూకరత్నం ట్రాన్స్‌మిటర్ గది ఊడ్చింది. తన టూల్‌బాక్స్‌లో స్టేషన్‌వి ఏవో, తనవి ఏవో విడదీసి పెట్టింది. తనవి నాలుగే తేలాయి. ఒక స్క్రూడ్రైవర్, ఒక టెస్టర్, టార్చి, చేతులు తుడుచుకునే గుడ్డ.

"గుడ్డ రేపటిదాకా ఇక్కడే ఉంచుతానక్కా," అంది. "రేపు ముందే తుడుచుకుంటాను."

రేపటి పట్టిక.

ఉదయం 6.00. టైము సిగ్నల్. నూకరత్నం.

6.01. వాతావరణం, ఆటుపోట్లు, సంత కబుర్లు. నేను.

6.40. పాట.

7.00. పంటు కూత. మెహజబీన్ గారు స్టాప్‌వాచీతో రేవులో ఉంటారు. బుజ్జమ్మ పంటులో ఉండాలి.